కేతకి యడిగిన నియమము

శ్రావణమేఘములు మేఘాచల దుర్గశిఖరములపై మదగజయూథములవలెఁ గిక్కిఱిసి నిలిచి జలధారాపరంపరలచే దిగంతముల మఱుఁగుపఱచుచుండ, గిరిపాదమునఁ బ్రవహించు వాహిని యెఱ్ఱనినీటితో నుప్పొంగి యొడ్డుల నొఱసికొనుచుండ, కదంబపరాగ పరిమళభరితమైన చల్లగాలి గృహగవాక్షములవెంటఁ బ్రవేశించి పట్టుతెరల నల్లనల్లనఁ గదలించుచుండెను. వానకాలము వచ్చెనన్న నా సంస్థానమున స్త్రీలకు వేఱొక వేడుక యక్కఱలేదు. ఇంటింటను జాపలు పఱవఁబడి వ్యూహపత్రక్రీడ సాగుచుండెడిది.

ఆ క్రీడ యెట్టిదనిన, ఆడు నిరువురును దమతమ పత్రముల కట్టను దామే కూర్చుకొని తెచ్చుకొందురు. లక్కపూఁతతో మెఱయు నా పత్రములపై నాస్థానచిత్రకారులు మూఁడుజాతుల చిత్రములను వ్రాసెడివారు. నదులును వనములును గిరులును గలవి క్షేత్రపత్రములు; వానివలన నాడువారికి శక్తి కలుగును. ఆ శక్తిని వ్యయించి రంగమున నిలుపఁబడునవి వీరపత్రములు. వీరులకు బలము కూర్చుటకుఁ గాని శత్రువీరులఁ గట్టివేయుటకుఁ గాని ప్రయోగింపఁబడునవి మంత్రపత్రములు. ఎవరి యెదుట వారికిఁ గొన్ని గవ్వలు వరుసగాఁ బేర్పఁబడియుండును. అదియే వారి దుర్గము. దాడి చేయు వీరుని నడ్డగించు కావలివాఁడు లేనప్పుడు దెబ్బ దుర్గమునకుఁ దగిలి గవ్వలు రాలును. అన్నియు రాలినవా రోడినవారు. రణమునఁ గూలిన పత్రములఁ బ్రక్కనుంచెడి కుప్పకు వీరస్వర్గమని పేరు. పెక్కుపత్రములు పలువురియొద్ద నుండును గాని చిత్రకారుఁ డొక్కమాఱు వ్రాసి మఱల వ్రాయక విడిచినవి కొన్ని గలవు. అట్టి దుర్లభపత్రములకై స్త్రీలు బతిమాలి బేరములాడి మార్పులు చేసికొనుచు దొరకనిచో నన్నము సయింపక యుండుటయుఁ గలదు.

ఈ క్రీడయందు సేనాపతి పెద్దకోడలు మాణిక్యాంబ యసమానప్రజ్ఞావతి. ఆమె కట్ట విప్పినదన్న నెదుట గూర్చుండువారికిఁ జేతులు చల్లఁబడెడివి. మహారాణి విరజాదేవి కొలువున నేటేట జరుగు క్రీడోత్సవమున జయమాల యామెదే యని ముందుగనే పలుకుకొనెడివారు. అట్టి యామె యింటికి వైశాఖమున మఱఁది భార్యయై కేతకి యనెడి బాలిక కాపురమునకు వచ్చెను. చామనచాయ, పెద్దకన్నులు, తెలియనిదాని నడుగుటకు సిగ్గుపడని స్వభావము. పుట్టినిల్లు విడిచివచ్చిన బెంగచే మూలఁ గూర్చున్న యా పిల్లను మాణిక్యాంబయే చేయిపట్టి తీసికొనివచ్చి చాపపైఁ గూర్చుండఁబెట్టి తనకు మిగులుపడిన పత్రములతో నొక చిన్న కట్టఁ గూర్చి యిచ్చి యింటియాట నేర్పెను. ఇంటియాటయన వీరులకు శయనము మొదలగు చిక్కునియమములు లేని సులభక్రీడ. కేతకి త్వరలోనే నేర్చుకొనెను. తొలుత మాణిక్యాంబ కది ముచ్చటగనే యుండెను.

ఒకనాఁడు విరజాదేవి యుద్యానమంటపమునఁ జెలికత్తెలతో నింటియాట యాడుచున్న కేతకిని వెనుకనిలిచి చూచి యా పిల్ల క్షేత్రములఁ బొదుపుగా వాడిన నేర్పునకు మెచ్చి తన దంతపుఁబెట్టె తెఱచి శరభపత్రమును దీసి యామె చేత నుంచెను. అది బంగారురేకుల రెక్కలతో నెనిమిదికాళ్లతో సింహముఖముతో వెలయు దుర్లభపత్రము. మాణిక్యాంబ దానికై యేండ్లతరబడి మహారాణి నర్థించుచుండెను. కేతకి యింటికిఁ బరుగెత్తివచ్చి “అక్కా! చూచితివా, దేవిగారు నాకే మిచ్చిరో!” యని దానిని మాణిక్యాంబ యరచేతఁ బెట్టెను. అత్తగారు వెంగమాంబ లోపలినుండి వచ్చి “మాణిక్యమా! నీవు నేర్పిన విద్య యెంత చక్కఁగా ఫలించినదే తల్లీ! ఈ యేఁడు మన యింటినుండి యిద్దఱు కొలువున కేగవలయును” అని చిన్నకోడలి తల నిమిరెను.

“చాల బాగున్నది” అని మాణిక్యాంబ పత్రమును దిరిగి యిచ్చెను. ఇచ్చునపు డామె వ్రేళ్లు దానిని విడువ నొల్లవయ్యెను. ఆనాఁటినుండి కేతకి నవ్విన నెందుకు నవ్వుచున్నదో యనియు, మౌనముగా నుండిన గర్వించుచున్నదనియు, వడ్డించునపు డత్తగారు పెరుగుమీఁగడ నెవరి విస్తరిలో వేయుచున్నదో యనియుఁ గనిపెట్టుటయే యామెకుఁ బనియయ్యెను. తన యసూయ తనకే యసహ్యముగాఁ దోఁచుచుండెను. తోఁచిననేమి, పంటిసందున నిఱికిన పీచువలె నది యామె నాలుకను మాటిమాటికిఁ దనవైపునకే లాగికొనుచుండెను.

ఉత్సవము మఱునాఁడనఁగాఁ బూలు గట్టుచున్న మాణిక్యాంబయొద్దకుఁ గేతకి కట్టతో వచ్చి కూర్చుండెను.

“అక్కా! కొలువున నాడునది యింటియాట కాదఁట గదా. దాడి చేసిన వీరుని నడ్డముగాఁ బరుండఁబెట్టవలెనఁట. మఱల మన వంతు వచ్చి లేచువఱకు వాఁడు మన దుర్గమునకుఁ గావలి కాయునా, కాయఁడా?”

కాయఁడు. శయనించిన వీరుఁడు కావలి కాయఁడనుట సభాక్రీడయందు మొదటి నియమము. మాణిక్యాంబ మల్లెమొగ్గను దారమునఁ గ్రుచ్చుచుఁ దలయెత్తక “కాయును” అనెను.

“ఎంత మేలు! అట్లయిన భయపడక దాడి చేయవచ్చును” అని యా పిల్ల సంతోషముతో లేచిపోయెను. మాణిక్యాంబ నోటివఱకు వచ్చిన పిలుపును మ్రింగివేసెను. ఎవరో యొకరి చేత నా పిల్ల యొక్కమాఱోడినఁ జాలునని యామె కోరిక.

కాని యెవరి చేతనో కాదు. ఉత్సవదినమున వాన తెఱపియిచ్చి కొలువుకూటపు రాతినేలపై నెండ పఱచుకొనియుండఁగా విరజాదేవి చీట్లు తీయించి పేర్లు పిలిపించెను. తోడికోడం డ్రిరువురును మొదటిజోడుగా నెదురెదురఁ గూర్చుండవలసినవారైరి.

కేతకి యాట చూచువారి కచ్చెరువు గొలిపెను. క్షేత్రముల నొక్కటొక్కటిగాఁ బఱచి శక్తిఁ గూర్చుకొని శరభమును రంగమున నిలిపి తగినతఱి నెఱిఁగి తన వీరులనెల్ల నొక్కపెట్టున దాడికిఁ బంపి యందఱను వరుసగాఁ బరుండఁబెట్టెను. మాణిక్యాంబ గవ్వలు జలజల రాలి కొన్నియే మిగిలెను. సభ యంతయు “భళా” యనెను. మాణిక్యాంబ తన వంతు రాఁగా మంత్రములచే బలము పొందిన భిల్లవీరు నొక్కని దుర్గముపైకిఁ బంపెను. కేతకి చిఱునవ్వుతోఁ బరున్న శరభము నడ్డుగా ముందునకు జరిపెను.

కూటమునఁ గలకలము పుట్టెను. ఎవతెయో కిసుక్కున నవ్వెను. విరజాదేవి కనుబొమలు ముడివడెను.

“అమ్మాయీ! శయనించిన వీరుఁడు కావలి కాయఁడు. ఈ పాటి నియమమును నీకెవ్వరును జెప్పలేదా?”

కేతకి తలయెత్తి మాణిక్యాంబ ముఖమును జూచెను. మాణిక్యాంబ గవ్వలను జూచుచుండెను. అంతట నా పిల్ల ముఖమునఁ గ్రమక్రమముగా రక్తము తగ్గి తెల్లఁబాఱెను.

“అక్క చెప్పియే యుండును దేవీ! నేనే సరిగా వినలేదు.”

తర్వాతి వంతులలోఁ గేతకి యోటమితో నాట ముగిసెను. సాయమునకు జయమాలయు మాణిక్యాంబ మెడలోఁ బడెను. ఆ పిల్ల తన్ను నలుగురిలో నిలదీసియుండిన నెంత బాగుండెడిదో! అబద్ధమని యార్చి కోపింపవచ్చును, కోపించి తేలికపడవచ్చును. ఇప్పుడా దారియు లేదు. శరభమును జూచి కుళ్లిన మనస్సే యిప్పు డా పిల్ల యోర్పును జూచి కుళ్లుచుండుట మాణిక్యాంబ యెఱిఁగి తన్నుఁ దానే రోసికొనెను.

మఱునాఁడు ప్రొద్దున మాణిక్యాంబ సాంబ్రాణిధూపమునఁ దల యారఁబెట్టుకొనుచుండఁగాఁ గేతకి వచ్చి గుమ్మమున నిలిచెను.

“అక్కా! ఆ నియమమును నీవు మఱచితివా, దాఁచితివా? మఱచితినని చెప్పుము. నమ్మెదను.”

ఎంత సులభమైన మాట! మాణిక్యాంబ యా మాటకొఱకు నోరు తెఱచెను, రాలేదు. “దాఁచితిని” అనెను.

“ఏల?”

“నీకు శరభము వచ్చినదని. అత్తగారు నిన్ను మెచ్చుకొనిరని. నిన్నుఁ జూచిన నాకు నిలువెల్ల మండుచుండెనని. ఇంతకుమించి కారణము లేదమ్మా.”

కేతకి “ఈ యింట నా కేమి తెలియకున్నను నిన్నే యడిగితిని. ఉప్పెక్కడనున్నదో మొదలుకొని యన్నియు నిన్నే యడిగితిని. ఇఁక నెవరి నడుగుదును? నీవు దాఁచినవి మఱి యేవైనఁ గలవా?” యనెను.

“లేవు.”

“ఎట్లు నమ్ముదును?”

కేతకి వెడలిపోయెను. ఆ దినము మొదలు వంటయింట నేమి కావలసినను దానే వెదకికొనెను గాని తోడికోడలి నడుగలేదు. అడుగనందున నొకనాఁడు పులుసు మాడెను. మాణిక్యాంబ చూచుచు నిలిచెను.

భాద్రపదమున ముసురుపట్టిన యొక యపరాహ్ణమునఁ గేతకి తానై కట్ట తెచ్చి చాపపై నుంచి “ఆడుదము. కొలువు నియమములతో” అనెను.

వెంగమాంబ ప్రత్తి యేఱుచుఁ బ్రక్కనుండెను. ఇరువురు నాడ మొదలిడిరి. మాణిక్యాంబ జంకక తన బలమంతయుఁ జూపెను. శరభము కూలి వీరస్వర్గమునఁ జేరెను. కేతకి దుర్గమున నొక్క గవ్వ మిగిలెను. మాణిక్యాంబ దుర్గమునను నంతకంటె మిక్కిలి లేవు, కావలియు లేదు. కేతకి వంతు వచ్చెను. తన పత్రములఁ దిరుగవేసి యాశ విడిచి నిట్టూర్చెను.

అప్పుడు మాణిక్యాంబకు స్ఫురించెను. ఒక్క గవ్వతో నిలిచినవా రొక్కమాఱు వీరస్వర్గమునుండి తమ వీరునొకనిఁ బిలిచి వెంటనే దాడికిఁ బంపవచ్చును. ఆపద్వరమని దానిపేరు. అరుదుగా వచ్చునది గావున నామె చెప్పనేలేదు. చెప్పినచోఁ దనయోటమి నిశ్చయము. అదియునుంగాక, ఏమియు దాఁపలేదంటివే యని యా పిల్ల మఱల నడిగిన నేమనవలయును? ఊరకుండిన నెవ్వరికిఁ దెలియును? అసూయ యింకను లోపల వెచ్చగనే యున్నది.

“ఆగుము కేతకీ! నీకు శరభము మఱల వచ్చును” అని యామె యా నియమమును దెలిపెను.

కేతకి చేయి గాలిలో నిలిచిపోయెను. “ఇదియు దాఁచినదేనా?”

“కాదు. ఇది మఱచితిని.”

ఆ పిల్ల తోడికోడలి కన్నులలోనికిఁ జూచెను. ఈమాఱు మాణిక్యాంబ తలవంచుకొనలేదు. కేతకి శరభమును లేవఁదీసి రంగమున నిలిపెను. మాణిక్యాంబ గవ్వలు రాలెను. వెంగమాంబ “చిన్నది గెలిచినదే!” యని చప్పట్లు చఱచెను. ఆ చప్పుడునకు మాణిక్యాంబ గుండెలో మునుపటి మంటయే చుఱుక్కుమనెను.

అసూయ యొక్కనాఁటి పశ్చాత్తాపముతోఁ జచ్చునది కాదు. దానిని జంపితినని చెప్పుకొనుట సులభము. అది లోన రగులుచుండఁగనే యెదుటివాని మేలుకోరి సత్యమును బలుకుట కష్టము. ఆ కష్టమునే మాణిక్యాంబ నాఁటినుండి నిత్యమును బడవలసియుండెను.

వాన హెచ్చెను. కేతకి చెదరిన పత్రములఁ బోగుచేయుచు “అక్కా! అత్తగారికి దీపపువేళ యగుచున్నది, నూనెకుండ యే యలమరలో నున్నది?” యని యడిగెను.