చెరిపేసిన కేక

నేను ఒక క్యాసెట్‌ను. ఒళ్లు మండిపోతున్న క్యాసెట్‌ను. నలభై ఏళ్లు దాటితే మనుషులకు శాంతం వస్తుందేమో గాని నాకు రాలేదు. ఎందుకు రాలేదో చెబుతాను, వినండి. మధ్యలో ముందుకు తిప్పకండి. నా కోపంలో సగం ఆ అలవాటు మీదే.

ఏదో ఫ్యాక్టరీలో వేలమందితో కలిసి తయారయ్యాను. ఆ పుట్టుకలో చెప్పుకోదగ్గదేమీ లేదు. నేను నిజంగా పుట్టింది కువైట్‌లో, ఒక గురువారం సాయంత్రం, అరబ్బు గాయని జుమానా పాడిన హాల్లో.

జుమానా పాడే రోజున అక్కడ దుకాణాలు పెందలాడే మూసేవారు. ఆమె ఒక్క పాటను గంటసేపు పాడేది. పాట పొడుగై కాదు. ఒక వాక్యం మనసుకు తగిలితే జనం లేచి మళ్లీ పాడమని అరిచేవారు, ఆమె మళ్లీ పాడేది. మాట అదే, కాని పాట అదే కాదు. 'తలుపు తీసే ఉంచాను' అనే అర్థం వచ్చే వాక్యాన్ని మొదట నిష్ఠూరంగా పాడింది. రెండోసారి తగువుపెట్టుకున్నట్టు, నాలుగోసారి తనలో తాను నవ్వుకున్నట్టు పాడింది. అరిచేవాళ్లు లేకపోతే ఆ రెండోదీ నాలుగోదీ పుట్టేవే కావు. పాటలో సగం ఆమెది, సగం అడిగినవాళ్లది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. చదువుకున్నవాళ్లే మరిచిపోతున్నారు.

ఆ సాయంత్రం నన్ను టేప్ రికార్డర్లో పెట్టి ఒళ్లో పట్టుకున్నవాడు రాజంపేట చెంగల్రాయుడు. డ్రైవరు. పాట రికార్డు చేయించుకోవాలని యజమాని అతన్ని లోపలికి తీసుకెళ్లాడు. కదలకుండా, దగ్గకుండా కూర్చోవడమే అతని ఉద్యోగం. బుద్ధిగానే కూర్చున్నాడు. ఎనిమిదోసారి ఆ వాక్యం ముగించి జుమానా మంచినీళ్ల గ్లాసు అందుకోబోతుంటే మాత్రం ఆగలేకపోయాడు. "ఇంకోతూరి పాడు తల్లీ!" అని అరిచాడు. అన్ని అరబ్బు కేకల మధ్య ఒక్క రాజంపేట కేక! హాలంతా నవ్వింది. జుమానా కూడా నవ్వి, గ్లాసు పక్కన పెట్టి, తొమ్మిదోసారి పాడింది.

యజమాని నవ్వలేదు. రికార్డింగు పాడుచేశావని కారులో తిట్టి, నన్ను అతని మీదికి విసిరాడు. చెంగల్రాయుడు నన్ను తుడిచి, కారు తాళంచెవితో నా అంచున ఉన్న రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలను విరిచాడు. అవి విరిస్తే ఇక నా మీద ఎవరూ వేరేది రికార్డు చేయలేరు.

అతనికి ఆ జాగ్రత్త ఎందుకొచ్చిందంటే, ఇంకో క్యాసెట్ గతి చూస్తున్నాడు కనుక. పెళ్లయిన ఏడాదికే దేశం దాటినవాడు. జాబులు రాసే బదులు క్యాసెట్‌లో మాట్లాడి, ఊరికెళ్లేవాళ్ల చేతికిచ్చి పంపేవాడు. భార్య పెంచలమ్మ విని, ఆ టేపు మీదే తన జవాబు రికార్డు చేసి తిరిగి పంపేది. అప్పట్లో అందరూ అంతే. పన్నెండేళ్లు ఒకరి మాటను ఒకరు చెరుపుకుంటూ కాపురం చేశారు. చివరికి దాని మీద మిగిలింది పెంచలమ్మ గొంతే. బర్రె ఈనిందనీ, వచ్చేటప్పుడు గొడుగు తెమ్మనీ.

అతనితో పాటు నేనూ రాజంపేట చేరాక, ప్రతి శుక్రవారం భోజనాలు కాగానే నన్ను పెట్టేవాడు. కేక రాగానే, "ఆ తల్లి నాకోసమే పాడింది" అని మీసం దువ్వేవాడు. "నీ మొగానికా? నువ్వు నోరు మూస్తావని పాడింటాది" అనేది పెంచలమ్మ. ప్రతి వారం ఇదే గొడవ. అతను పోయి ఎనిమిదేళ్లు. తర్వాత టేప్ రికార్డరూ పోయింది. నేను స్టీలు పెట్టెలో చీరల మధ్య పడుకున్నాను.

మూడు నెలల క్రితం పెళ్లయిన మనవరాలు హిమజ నన్ను బయటికి తీసింది. ఆ పిల్లకు ఇప్పుడు ప్రపంచమంతా వింతే. నా చక్రంలో పెన్సిల్ సరిగ్గా పడుతుందని కనిపెట్టి, గిరగిరా తిప్పి, పరిగెత్తుకెళ్లి మొగుడికి చూపించింది. నిజం ఒప్పుకుంటాను, ఆ పూట నాకూ సరదాగానే ఉంది. అవ్వకు చెప్పకుండా పాటను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇవ్వాలనుకుంది. బస్టాండు దగ్గర పెళ్లి వీడియోలు చేసే మునిశేఖర్ చేతిలో నన్ను పెట్టి, "మా అవ్వకు కానుక అన్నా, నీట్‌గా చేయండి" అంది.

నీట్‌గా! ఆ మాట వింటేనే నా టేపు భగ్గుమంటుంది.

మునిశేఖర్ నన్ను పాత మిషన్‌లో తిప్పాడు. "ఇదేందబ్బా, ఒకే లైను తొమ్మిదితూర్లు వస్తాంది? టేపు ఇరుక్కునింటాది" అనుకున్నాడు. ఒకటి ఉంచి ఎనిమిది కోసేశాడు. జనం గోలకు ఒక మీట నొక్కాడు, హాలు ఖాళీ అయిపోయింది. నా ఒక వైపంతా నిండిన నలభై అయిదు నిమిషాల పాట నాలుగు నిమిషాలయింది. చివర వేణువు కూడా అతికించాడు. ఎవరడిగారయ్యా నిన్ను వేణువు?

అతని ఒక్కడి మీదే కాదు నా కోపం. ఫోన్లలో జుమానా నిట్టూర్పుకు డప్పు తగిలించి గంతులేస్తున్నారు. ఆమె బొమ్మను తాళంచెవులకు వేలాడదీస్తున్నారు. ఆమె మిగిల్చిపోయింది గొంతొక్కటే అనుకుంటున్నారు, మూర్ఖులు! మళ్లీ పాడమని నోరు తెరిచి అడగడం ఆమె జనానికి నేర్పింది. దాన్నే చెత్త అని ఊడ్చేస్తున్నారు.

ఇంట్లో స్పీకరు పెట్టారు. పెంచలమ్మ కళ్లు మూసుకుని వింది. నాలుగు నిమిషాలకు తెరిచింది.

"అయిపోయిందా?"

"అయిపోయిందవ్వా. ఎంత క్లియర్‌గా ఉందో చూడు!"

"పాట ఉండాది. ఆయప్ప యాడ?"

హిమజ బిక్కముఖం వేసింది. అవ్వ కసరలేదు. "మీ తాత మాటలన్నీ నేనే చెరిపినాను మే. ఒక్కో జాబూ ఇని, దానిమిందనే నా మాట పెట్టి పంపిస్తి. ఆ ఒక్క అరుపే మిగిలింది" అంది. ఆ పిల్ల కళ్లు తుడుచుకుని నన్ను గుండెకు హత్తుకుంది. "క్యాసెట్‌లో ఇంకా ఉందవ్వా! నువ్వు లే, పోదాం."

మునిశేఖర్ నసిగాడు. "టేపు సాగిపోయిందవ్వా. మళ్లా తిప్పితే తెగినా తెగుతాది. ఫైలు నీట్‌గానే వచ్చింది గదా?"

"ఆ నీటు నీ ఇంట్లో పెట్టుకో నాయనా. దేన్నీ తుడవాకు. దగ్గు ఉన్నా తుడవాకు. తిప్పు."

తిరిగాను. నిష్ఠూరం, తగువు, నవ్వు. అయిదోసారికి మునిశేఖర్ చెయ్యి మౌస్ మీది నుంచి జారింది. హిమజ పెన్సిల్ పట్టుకుని కూర్చుంది, నేను తెగితే చుట్టడానికి. ఎనిమిదోసారి ముగిసింది. గరగరమంటూ వచ్చింది కేక: "ఇంకోతూరి పాడు తల్లీ!" హాలు నవ్వింది. జుమానా నవ్వింది. తొమ్మిదోసారి పాడింది.

"నీకోసమే పాడిందిలే" అంది పెంచలమ్మ, ఎవరికీ వినపడకుండా. నేను విన్నాను.

మునిశేఖర్ తెర చూపించాడు. "మొత్తం కంప్యూటర్లోకి ఎక్కిందవ్వా. ఇంక ఈ టేపు తిప్పే పనిల్యా."

ఆమె కంప్యూటర్ వైపు చూడలేదు. నా వైపు చూసింది.

"ఇంకోతూరి" అంది.

నా కోపం తగ్గలేదు, తగ్గదు. కాని అడిగినవాళ్ల ముందు గ్లాసు పక్కన పెట్టడం నేను జుమానా దగ్గర చూశాను. తెగితే తెగుతానని పాట మొదటికి వెనక్కి తిరిగాను.