గుమ్మడికాయ కొట్టేదాకా గరిటె ముంచను

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఫిల్మ్‌నగర్‌లో ఎవర్నడిగినా ముందు ఈ మాట చెప్పి, ఆ తర్వాతే నా గోంగూర మటన్ సంగతి ఎత్తుతారు. పేరు జగదాంబ. మాది తెనాలి పక్కన. పద్దెనిమిదేళ్ళుగా షూటింగులకు ప్రొడక్షన్ మెస్ నడుపుతున్నాను. పొద్దున ఇడ్లీ నుంచి సాయంత్రం మిరపకాయ బజ్జీ దాకా యూనిట్ మొత్తానికి నా చేతి వంటే. హీరోలకు కోపం వచ్చి షూటింగులు ఆగిపోవడం అందరూ చూసిందే. నాకు కోపం వచ్చి ఒక షూటింగ్ పూర్తయింది. అది ఎవరూ చూసి ఉండరు, అందుకే చెబుతున్నాను.

ఆ సినిమా నిర్మాత బసవపున్నయ్య గారు. గుంటూరులో మిర్చి వ్యాపారం. ఆయనకు సినిమా కొత్త, మంచితనం మాత్రం పాతది. ప్రతి సోమవారం ఇంటి నుంచి సున్నుండలు తెచ్చి లైట్‌మెన్‌కి కూడా తన చేత్తోనే పంచేవారు. కథంతా ఒకే ఇంట్లో జరుగుతుంది గనక జూబ్లీహిల్స్‌లో ఒక బంగళా అద్దెకు తీసుకున్నారు. ముప్పై రోజుల్లో అయిపోతుందని ఆయనకు చెప్పారు. నలభై ఆరు రోజులైంది. వారం నుంచి మిగిలింది ఒక్క సీనే. ఆ ఒక్క సీను మాత్రం జరగడం లేదు!

ఎందుకు జరుగుతుందండీ? షూటింగ్ ఒక రోజు పెరిగితే అందరికీ ఒక రోజు బేటా, అంటే దినభత్యం. జనరేటర్ వాడికి ఒక రోజు అద్దె, కాస్ట్యూమ్స్ వాళ్ళకు ఒక రోజు, బంగళా ఆయనకు ఒక రోజు. వీటన్నిటిలో మా ప్రొడక్షన్ మేనేజర్ త్రినాథరావుకు వాటా. మనిషి చెడ్డవాడేం కాదు. నవ్వుతూ పలకరిస్తాడు, జ్వరమొస్తే మాత్ర తెచ్చిస్తాడు. ఎమ్.కామ్. చదివాడు, అదొక్కటే వచ్చిన చిక్కు.

"లంచం అనకండి జగదాంబ గారూ, ఆయిల్ అనండి," అనేవాడు టీ తాగుతూ. "ఆయిల్ లేకుండా జనరేటర్ తిరుగుతుందా? పెద్దాయన బీరువాలో డబ్బు పడుంటే ఎవరికండీ లాభం? మనం తలా కాస్త తీస్తే అది షేక్‌పేట కిరాణా కొట్టుకెళ్తుంది, రహమత్ నగర్ ఇంటి అద్దెకెళ్తుంది. పదిమందీ బతుకుతారు. ఎకానమీ అంటే అదేనండీ."

నేనూ తలాడించేదాన్ని. నేనేమైనా తక్కువ తిన్నానా? తినేది నూటపది మంది, నా బిల్లులో నూటయాభై ప్లేట్లు. ఆ నలభై ప్లేట్లలో సగం త్రినాథరావుకి, సగం నాకు. అందరూ చేసేదే కదా అనుకుంటే నిద్ర బాగానే పట్టేది.

సోమవారం సాయంత్రం బసవపున్నయ్య గారు బంగళా పెరట్లో ఉన్న నా వంట టెంటులోకి వచ్చి కూరగాయల బుట్ట పక్కన స్టూలు మీద కూలబడ్డారు. సున్నుండల డబ్బా అలాగే ఒళ్ళో ఉంది.

"అమ్మా జగదాంబా, కాసిని మజ్జిగ ఇయ్యి," అన్నారు. తాగి, మూతి తుడుచుకుని, మెల్లగా చెప్పారు. "రేపొక్క రోజేనమ్మా నా ఓపిక. రేపు గుమ్మడికాయ కొట్టారా, సరే. కొట్టలేదా, ఆఫీసుకు తాళం వేసి గుంటూరు వెళ్ళిపోతా. అమ్మడానికి ఇంకేం లేదు."

సినిమా మొదలయ్యే రోజు కొబ్బరికాయ, ముగిసే రోజు గుమ్మడికాయ. మావాళ్ళకు ఇంతకు మించిన శాస్త్రం లేదు. దిష్టి తీసి గుమ్మడికాయ పగలగొడితేనే షూటింగ్ అయిపోయినట్టు.

నాకు గుండె జారిపోయింది. ఎందుకంటే ఆ సినిమాకు మాటలు రాసింది నా కూతురు భావన. ఏడేళ్ళు అసిస్టెంటుగా ఎండలో నిలబడి, అడ్డమైన వాళ్ళకూ టీలు అందించి, ఇప్పుడు మొదటిసారి తెర మీద 'మాటలు: భావన' అని పడబోతోంది. ఆ సీను ఆగిపోతే సినిమా ఆగిపోతుంది. దాని మాటలు ఏ డబ్బాలోనో పడి ఉంటాయి, ఎవరూ వినరు. ఆ రోజుల్లో అది అన్నం తింటూ కూడా ఆ అక్షరాలు ఎంత పెద్దవి పడతాయో చేత్తో కొలిచి చూపించేది.

ముందు త్రినాథరావు మీద ఒళ్ళు మండింది. తర్వాత జనరేటర్ వాడి మీద. ఒక్కొక్కరినీ తిట్టుకుంటూ వస్తుంటే వరసలో నా పేరూ వచ్చింది. ఏం చెయ్యను, రాక తప్పుతుందా?

"బాబు గారూ, నా బిల్లులో రోజుకు నలభై ప్లేట్లు దొంగవండీ," అనేశాను. అనేటప్పుడు సిగ్గుతో చచ్చిపోయాను.

ఆయన ఉలిక్కిపడలేదు. "తెలుసమ్మా. ఇరవై ఏళ్ళు మిర్చి యార్డులో ఉన్నా. బస్తాకి ఇంత అని తరుగు పోతుంది, అది చూసుకునే ధర కడతాం. తలా గుప్పెడేగా అని ప్రతివాడూ చెయ్యి పెడితే చివరికి ఖాళీ గోతాం మిగులుద్ది. గోతాం కొనడానికి ఎవడొస్తాడు చెప్పు?" అని, నా చేతిలో ఒక సున్నుండ పెట్టి వెళ్ళిపోయారు.

మంగళవారం పొద్దున ఏడింటికల్లా యూనిట్ దిగింది. ఎనిమిదింటికి జనరేటర్ దగ్గింది. తొమ్మిదింటికి హీరో లాల్చీ ఇస్త్రీకి వెళ్ళి తిరిగి రాలేదు. పదిన్నరకు లాల్చీ వచ్చింది, జనరేటర్ మళ్ళీ దగ్గింది. డైరెక్టర్ మౌళి పాపం కొత్త కుర్రాడు, జుట్టు పీక్కుంటున్నాడు. భావన కాగితాలు గుండెకు ఆనించుకుని మెట్ల మీద కూర్చుంది. నా వైపు చూసి నవ్వడానికి ప్రయత్నించింది. ఆ నవ్వు చూడలేకపోయాను.

పన్నెండింటికి ఎల్లమ్మ రుసరుసలాడుతూ వచ్చింది. ఎల్లమ్మది రహమత్ నగర్. పదకొండేళ్ళుగా నాకు కుడిచెయ్యి.

"అక్కా, గా త్రినాథరావు సారు బంగళా సారుతోటి ఇంక ఐదు దినాలు ఉంటమని చెప్పిండు. గా కిరాయిల ఈయనకు హిస్సా ఉందట. నేను గీ చెవులతోటి ఇన్న!"

అంతే. నా కోపం ముక్కు దిగి చేతుల్లోకి వచ్చింది. గోంగూర మటన్, నాటుకోడి పులుసు, ముద్దపప్పు, గుత్తివంకాయ, పెరుగు అన్నీ సిద్ధంగా ఉన్నాయి. గిన్నెలన్నిటికీ మూతలు పెట్టించాను. మధ్యలో స్టూలు వేసుకుని, పెద్ద గరిటె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఒంటిగంటకు బ్రేక్ చెప్పగానే అందరూ పళ్ళేలతో వచ్చి నిలబడ్డారు.

"వినండి! గుమ్మడికాయ కొట్టేదాకా ఈ గరిటె గిన్నెలో ముంచను, ఎవర్నీ ముంచనివ్వను," అన్నాను. "నలభై ప్లేట్ల దొంగ లెక్క రాసిన దాన్ని నేను. నిన్ననే పెద్దాయనకు చెప్పేశాను. మీ లెక్కలు మీరు చెప్పుకుంటారో లేదో మీ ఇష్టం. ఆ సీను మాత్రం అవ్వాలి."

త్రినాథరావు ముందుకొచ్చాడు.

"ఇదేంటండీ, అన్నం దగ్గర రాజకీయమా? పనివాళ్ళ కడుపు కొట్టడం పాపమండీ."

"పాపపుణ్యాలు నువ్వు చెప్పకయ్యా! మూత తీసి వాసన చూపించమంటావా?"

చూపించాను కూడా. గోంగూర మటన్ మూత ఒక్క క్షణం ఎత్తి మళ్ళీ మూసేశాను. లైట్‌మెన్ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. వాళ్ళలో పెద్దవాడు పోచయ్య గొంతు సవరించుకుని, "ఏం రా, లైటింగ్‌కు ఎంతసేపు పడ్తది?" అన్నాడు.

"ఇరవై నిమిషాలన్నా!"

పొద్దున మూడు గంటలు పడుతుందన్నవాడు ఆ మనిషే! జనరేటర్‌కు దగ్గు తగ్గిపోయింది. హీరో తన లాల్చీ తనే తొడుక్కుని వచ్చేశాడు. ఆశ మంచిదా చెడ్డదా అని త్రినాథరావు ఎన్ని టీలు తాగి ఎన్ని పాఠాలు చెప్పినా నాకు బుర్రకెక్కలేదు గానీ, ఆ గంటలో ఎక్కింది. ఆశ లేకపోతే నేను మాత్రం తెల్లారకుండా లేచి పొయ్యి వెలిగిస్తానా? నూటపది మంది ఆశ సీను ఆపడం మీద ఉన్నప్పుడు వారమైనా అది కదల్లేదు. అదే ఆశ పని అవ్వడం మీదకు మళ్ళేసరికి కెమెరా పరిగెత్తింది.

సీను ఏమిటంటే, సినిమా అంతా పోట్లాడుకున్న తండ్రీకొడుకులు చివర్లో గుమ్మం దగ్గర ఎదురుపడతారు. పేజీడు డైలాగు ఉంటుందనుకుంటారు ఎవరైనా. భావన ఒక్క మాటే రాసింది. కొడుకు తండ్రిని చూసి, "తిన్నావా నాన్నా?" అంటాడు.

మొదటి టేకులో హీరో ఆ మాట అనగానే సౌండ్ ఇంజనీరు చెయ్యెత్తాడు. "ఎవరి కడుపో అరుస్తోంది, వన్ మోర్!" యూనిట్ అంతా ఘొల్లుమంది. రెండో టేకులో హీరో కడుపే అరిచింది. మూడో టేకులో ఎవరూ అరవలేదు, ఎవరూ కదల్లేదు. అంత ఆకలి మీద ఆ మాట వింటుంటే పోచయ్య తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు. నేను ఎల్లమ్మ భుజం పట్టుకుని ఏడ్చేశాను. నా కూతురమ్మా, అది రాసింది నా కూతురు!

"కట్! ఓకే!" అని మౌళి గెంతాడు. అప్పటికి రెండున్నర.

"గుమ్మడికాయ తెండి!" అన్నాను గరిటె ఎత్తి.

త్రినాథరావు నేల చూపులు చూశాడు. గుమ్మడికాయ తేలేదట. ఇవాళ అవుతుందని అనుకుంటే కదా తెచ్చేది! షేక్‌పేట వెళ్ళి తేవాలంటే ఆ ట్రాఫిక్‌లో గంట. నూటపది మంది నా వైపు దీనంగా చూశారు. ఒట్టు వేసింది నేను, ఇరుక్కుందీ నేనే. నా కడుపులో మాత్రం ఎలుకలు పరిగెత్తడం లేదా?

"అక్కా, మరి గా గేటుకు ఏలాడుతున్నది ఏంది?" అంది ఎల్లమ్మ.

బంగళా గేటుకు ఉట్టిలో నిండు బూడిద గుమ్మడికాయ, ఇంటికి దిష్టి తగలకుండా కట్టింది! అందరం అటు ఉరికాం. ఇంటాయన జానకిరామయ్య గారు, రిటైరైన ఇంజనీరు, గేటుకు అడ్డంగా చేతులు చాపి నిలబడ్డారు.

"మా ఇంటి కాయ మీద చెయ్యి వేస్తే ఊకోను. కావాల్నంటే ఐదు వేలు ఇయ్యిండ్రి."

బసవపున్నయ్య గారు జేబులో చెయ్యి పెట్టారు. సరిగ్గా అప్పుడు త్రినాథరావు, ఆ పెద్దాయన భుజం మీదుగా మెడ చాపి, జానకిరామయ్య గారితో ఎంతో మర్యాదగా అన్నాడు.

"సార్, రసీదు ఏడున్నర వేలకి రాయండి."

నిర్మాత ఇటు, ఇంటాయన అటు, మధ్యలో ఆ మాట! త్రినాథరావుకు తానేమన్నాడో అన్నాక తెలిసింది. ముఖం తెల్లబోయింది. "అలవాటండీ... నోరు జారింది బాబు గారూ," అని నసిగాడు.

ముందు నవ్వింది బసవపున్నయ్య గారే. పొట్ట పట్టుకుని, గేటు పట్టుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వారు. తర్వాత నూటపది మందీ. చివరికి త్రినాథరావు కూడా తల బాదుకుంటూ నవ్వాడు. జానకిరామయ్య గారు ఒక్కరే నవ్వలేదు. చేతులు దించి, ఎటో చూస్తూ చిన్నగా అన్నారు.

"నాకు పైసలు వద్దు. నలభై ఏడు దినాల సంది మా ఇంట్లనే వండుతున్నరు. రోజూ వాసన చూస్తున్న. ఒక్కనాడన్న 'రా సారూ, జర ఇంత తిను' అన్నరా?"

నాకు చెంప మీద కొట్టినట్టయింది. లేని నలభై మందికి పళ్ళేలు లెక్క రాశాను, ఉన్న ఒక్క మనిషికి పెట్టలేదు. "అయ్యో అన్నగారూ, మొదటి విస్తరి మీదే!" అని చేతులు జోడించాను. ఆయనే ఉట్టి విప్పి కాయ అందించారు.

కాయకు గంటు పెట్టి కుంకుమ వేశారు, పైన కర్పూరం వెలిగించారు. బసవపున్నయ్య గారు దాన్ని త్రినాథరావు చేతుల్లో పెట్టి, "దిష్టంతా నీదేనయ్యా, నువ్వే కొట్టు," అన్నారు. కెమెరా చుట్టూ మూడుసార్లు తిప్పి, ఎత్తి ఒక్క దెబ్బ. కుంకుమ నీళ్ళు అతని తెల్ల చొక్కా నిండా చిందాయి, ఈలలతో బంగళా దద్దరిల్లింది. భావన పరిగెత్తుకొచ్చి నన్ను కరుచుకుంది.

"అమ్మా, ఇక గరిటె వదులు," అంది నవ్వుతూ. అప్పటిదాకా పట్టుకునే ఉన్నాను.

వరస కట్టి వడ్డించాం. జానకిరామయ్య గారు మూడుసార్లు గోంగూర అడిగి పెట్టించుకున్నారు. అందరూ తింటుంటే బసవపున్నయ్య గారు పళ్ళెంతోనే లేచి నిలబడ్డారు.

"ఇవాళ ముగించారు కాబట్టి నేను మిగిలాను. మన భావన దగ్గర ఇంకో కథ ఉందంట. ఈ సినిమా ఆడిందా, శ్రావణంలో మళ్ళీ మీ అందరితోనే కొబ్బరికాయ కొడతా." చప్పట్లు ఆగాక పక్కకు తిరిగారు. "ఏం త్రినాథరావూ, కొబ్బరికాయ ఎంతుంటుంది?"

నూటపది మందీ నమలడం ఆపేశారు. త్రినాథరావు ఎడమచేతి వేళ్ళు లెక్క మొదలుపెట్టబోయి ఆగిపోయాయి. భావన వైపు చూశాడు, నా వైపు చూశాడు, తన చొక్కా మీది కుంకుమ చూసుకున్నాడు.

"ముప్పై ఐదండీ," అన్నాడు. మళ్ళీ తనే, "బేరమాడితే ముప్పైకే ఇస్తాడండీ," అన్నాడు.

ఆ రోజు పడిన ఈలలన్నిటిలోకీ పెద్దది ఆ మాటకే పడింది. నేను వెళ్ళి అతని పళ్ళెంలో అడక్కుండానే రెండు ముక్కలు ఎక్కువ వేశాను. ఎల్లమ్మ బిల్లు పుస్తకం పట్టుకొచ్చి, "అక్కా, ఎన్ని ప్లేట్లు రాయాలె?" అని అడిగింది.

"నూటపదకొండు," అన్నాను. "ఇంటాయన కూడా తిన్నారు కదా."