ఒక కప్ప ఎక్కువ

లీలమ్మ ఎవరికీ కొసరు వేసే మనిషి కాదు. పటాన్‌చెరు బజారులో గోనెసంచుల దుకాణం ఆమెది. పంతొమ్మిది వందల అరవై ఏడులో తండ్రి దేవదానం పక్షవాతంతో మంచం పట్టాడు. హైదరాబాదులో బీఎస్సీ ఫిజియాలజీ చదువుతున్న ఆమె, రెండో ఏడాది పరీక్షలు రాసి ఇంటికొచ్చి గల్లాపెట్టె ముందు కూర్చుంది. దుకాణం నిలబడింది, చదువు పోయింది. బేరం గిట్టిందనే అన్నారు ఊళ్లో వాళ్లు.

కప్ప గుండె ప్రయోగం మూడో ఏడాదిలో ఉండేది. పొగ పట్టించిన నల్ల కాగితం డ్రమ్ముకు చుట్టి తిప్పుతుంటే, గుండెకు తగిలించిన సన్నటి పుల్ల దాని మీద తెల్లటి అలలు గీస్తుంది. పై తరగతి వాళ్లు చేస్తుంటే కిటికీలోంచి చూడటమే, తన చేత్తో చేసింది లేదు.

అందుకే, అయిదేళ్ల తర్వాత ఆ కాలేజీకి కప్పలు కావాలని తెలియగానే వర్తకమని చెప్పి తెచ్చిచ్చేందుకు ఒప్పుకుంది. బీరంగూడ వరి మళ్లలో, దుకాణంలో పనిచేసే ఐలన్న పట్టి తెస్తాడు. తడిగోనెలో బస్సెక్కించి తీసుకెళ్లేది మాత్రం ఆమే.

"నీ సవార్లకు టికెట్ కొట్టాల్నా అక్కా?" అంటాడు కండక్టరు.

"కొట్టు. సీట్లల్ల కూసోబెట్టే పని గూడ నీదే."

కాలేజీ వెనక తలుపు దగ్గర అటెండరుకు సంచి అప్పజెప్పి రావడమే పని. ఆ గురువారం మాత్రం అరుణమ్మ వచ్చింది. ఒకప్పుడు పక్క బెంచీ, ఇప్పుడు అక్కడే డెమాన్‌స్ట్రేటరు.

"ఒక పిల్ల ప్రయోగానికి రాలేదు లీలా, బల్ల ఖాళీగుంది. వస్తవా?"

"ఒంటిగంట బస్సు పోతది. నాయినకు మందు నేనే ఇయ్యాలె."

"వస్తవా, రావా?"

లీలమ్మ చెప్పులు విడిచి లోపలికి నడిచింది.

"చెప్పులెందుకిడిచినవే, గిది చర్చి అనుకున్నవా?" అని నవ్వింది అరుణమ్మ.

కప్పను సిద్ధం చేసి ఇచ్చారు. లీలమ్మ గుండె కొసకు కొక్కెం తగిలించి, పుల్లను కాగితానికి ఆనించింది. డ్రమ్ము కదిలింది. ఒక చిన్న గుట్ట, వెంటనే పెద్ద గుట్ట. మళ్లీ చిన్నది, మళ్లీ పెద్దది. కాగితం నిండేదాకా ఒక్కో గుట్టనూ లెక్కపెట్టింది. చివర్న అలల కింద గుండుసూదితో 'లీల' అని గీసింది.

"వార్నిష్‌ల ముంచి ఆరబెట్టాలె. గంటసేపు ఆగు," అంది అరుణమ్మ.

ఆగితే బస్సు పోతుంది. మళ్లీ బస్సు సాయంత్రమే.

"గిట్లనే ఇయ్యి, పైలంగ పట్టుకపోత."

"మసి నిలవదే!"

"గాజు సామానే పగలకుంట తెచ్చినదాన్ని."

దారిలో కొత్త కార్ఖానాల షిఫ్టు జనం ఎక్కారు. ఊరొచ్చేసరికి అలలన్నీ ఆమె చీర కుచ్చిళ్ల మీదున్నాయి. కాగితం మూల 'లీ' మాత్రం మిగిలింది.

"చేతికి ఏందమ్మా ఆ మసి?" మందు తాగుతూ అడిగాడు తండ్రి.

"సంచులది నాయినా."

పొద్దుగూకే వేళకు ఐలన్న వచ్చి, వచ్చే వారం ఎన్ని తేవాలని అడిగాడు.

"వాళ్లడిగినదానికి ఒకటి ఎక్కువ తే."

"కొసరా? నువ్వా?"

"కొసరు కాదు, అది నాది. గురువారం నాయినకు మందు నువ్వియ్యి. నేను సాయంత్రం బస్సుకొస్త."

ఆ రోజు బల్ల ఖాళీగా ఉంటుందో లేదో ఆమెకు తెలియదు.