తలుపున్న గది

తాలిమాలో అనే మా ఊరిపెద్ద తన ఇంట్లో సగభాగానికి గోడలు కట్టించిన రోజునే మా నాయనమ్మకు ఆయన మీద అనుమానం పుట్టింది. సముద్రం మధ్య దీవిలో ఉన్న మా ఊళ్లో ఎవరింటికీ గోడల్లేవు. స్తంభాలు, పైన కప్పు, వాన వస్తే దించుకునే తడికలు, అంతే. ఆయన మాత్రం చెక్క గోడలు కొట్టించి, తలుపు పెట్టించి, దానికి తాళం బిగించాడు. లోపల కూర్చుని ఊరి పనులు చూసుకుంటానన్నాడు.

“ఊరి పనికి తాళమెందుకే, పెనినా?” అంది నాయనమ్మ, చాప అల్లుతూ.

“నాకేం తెలుసు?”

“నీకేం తెలియదులే. నోరు పెట్టుకుని పుట్టావా అసలు?”

ఆయన భార్య కూతురి పురిటికి పట్నం వెళ్లింది. పక్కిల్లే కాబట్టి రోజూ పొద్దున్నే కోకో కాచి ఇచ్చి రావడం నా పని అయింది. నాకు ఆ గదంటే భయంగా ఉండేది. ఒక బల్ల, ఒకే ఒక్క కుర్చీ, ఇనుప బీరువా. గోడ మీద ఎవరో మంత్రితో ఆయన దిగిన ఫోటో. కుర్చీలో ఆయన, కింద చాప మీద మేము. పెద్దవాళ్ల ముందు నిలబడి మాట్లాడడం మాలో లేదు. చాపకు కూడా ఆయన చెప్పిన చోటుంది, సరిగ్గా బల్లకు ఎదురుగా. పాత ఊరిపెద్ద అయితే మాతోపాటే చాప మీద కూర్చునేవాడు.

ఆ నెలలోనే దొంగవేట జరిగింది. చేపలు పెరగాలని పగడపు దిబ్బ దగ్గర వేట మూసి, గుర్తుగా కొబ్బరిమట్టలు కట్టారు. ఒక ఆదివారం ఊరంతా చర్చిలో ఉండగా ఎవరో అక్కడ వల వేశారు. మధ్యాహ్నానికల్లా ఒడ్డున పొలుసులు కనిపించాయి. ఆదివారం, అందులోనూ మూసిన చోట! పెద్దలంతా మండిపడ్డారు. ఎవరని తేలితే ఆ ఇంటివాళ్లంతా ఊరు వదిలిపోవాలన్నారు. వచ్చే వారం సోమవారం సభలో తేలుస్తామన్నారు.

ఆ ఆదివారం చర్చికి రానివాడు మా అన్న సెమిసి ఒక్కడే. కడుపునొప్పి అన్నాడు. ఊళ్లో కొందరు మా ఇంటి వైపు చూడడం మొదలుపెట్టారు.

నాకు మాత్రం తాలిమాలో మీదే అనుమానం. ఆ రోజు చర్చిలో పాట సగమయ్యాక ఆయన వచ్చాడు. లుంగీ అంచు తడిగా ఉంది. నా పక్కన కూర్చున్న అమ్మాయి కూడా చూసి నా మోచేతిని పొడిచింది.

మర్నాడు కోకో పట్టుకెళ్లి ఎప్పటిలాగే చాప మీద కూర్చున్నాను. ఆయన ఏదో రాసుకుంటున్నాడు. తల వంచుకుంటే నా చూపు తిన్నగా బల్ల కిందికి పోయింది. అక్కడ గోనె కప్పిన మూట ఉంది. గోనె ఒక పక్కకు జారింది. లోపల వల, ఇంకా తడిగానే. ఉప్పువాసన ముక్కుకు తగిలింది.

ఆయనే! అనుకున్నాను. కుర్చీలోంచి ఎప్పుడూ దిగని మనిషికి, కింద కూర్చున్నవాళ్లకు ఏం కనిపిస్తుందో తెలియదు. వారమంతా ఊరిమనిషన్నవాడల్లా వచ్చి ఈ చాప మీదే కూర్చుంటాడు. అందరూ చూస్తారు. ఎవరూ నోరెత్తరు.

ఈసారి బాగా చూశాను. వల తేలడానికి కట్టిన ముక్కలు పాత చెప్పుల అడుగులు, నీలం ఒకటి, గులాబీరంగు ఒకటి. ఆ గులాబీరంగు చెప్పు నాది. దాన్ని కత్తితో కోసింది మా అన్న.

“ఏంటమ్మాయ్, ఇంకా కూర్చున్నావు?” అన్నాడు తాలిమాలో తలెత్తకుండానే.

“ఏం లేదు, పెద్దయ్యా.”

ఇంటికొచ్చేదాకా అదే ఆలోచన. వల మా అన్నది. మరి ఆయన దగ్గర ఎందుకుంది? సభలో తీసి చూపించడానికా? లేక జీవితాంతం మా ఇంటిని గుప్పిట్లో పెట్టుకోవడానికా? ఆ రోజు నుంచి ఆయన నవ్వినా భయమే, నవ్వకపోయినా భయమే.

శనివారం వంటపాకలో అన్న రొట్టెపండు కాలుస్తున్నాడు.

“నీ వల ఏది?” అన్నాను.

“కొట్టుకుపోయింది.”

“తాలిమాలో బల్ల కిందికా?”

వాడి చేతిలోని కర్ర ఆగిపోయింది. “మూగదానికి మాటలొచ్చాయే!” అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు. “మనుషుల అలికిడి విని వదిలేసి పారిపోయాను. ఎవరు తీశారో చూడలేదు. ఎవరికైనా చెప్పావా?”

“లేదు.”

“చెప్పకు. ఆయనే దొంగనుకుంటున్నారు అందరూ. అనుకోనీ.”

“అనుకోనివ్వాలా?” వెనకనుంచి నాయనమ్మ గొంతు. ఎంతసేపటి నుంచి వింటోందో! వాడి చెవి పట్టుకుంది. “నీ చేపల కోసం ఇంకొకడి పరువు తీస్తావురా, వెధవా?”

సోమవారం సభ కూడింది. ఆడవాళ్లతోపాటు నేనూ బయట నిలబడ్డాను. పెద్దలు తలా ఒక స్తంభానికి ఆనుకుని కూర్చున్నారు. పెద్దల్లో ముందుగా మాట్లాడే హక్కు ఫగలోవాది.

“తాలిమాలో! నీ బల్ల కింద ఏముందో ఈ సభలో చూడనివాడు లేడు. తలుపేసుకుంటే సరిపోతుందనుకున్నావా?”

తాలిమాలో ముఖం పాలిపోయింది. వాళ్లంతా చూశారని ఆయనకు అప్పుడే తెలిసింది. మా ఇంటి పేరు చెప్తాడనుకున్నాను. ఆయన నేల వైపు చూస్తూ ఉండిపోయాడు.

“ఆ వల ఎవరిది? నీదేనా?”



అప్పుడు మా అన్న వచ్చాడు. పక్కన నాయనమ్మ, చేతుల్లో ఆమె పెళ్లినాటి మెత్తటి చాప. సభ ముందున్న గులకరాళ్ల మీద ఇద్దరూ కూర్చుని చాప తలల మీద కప్పుకున్నారు. తప్పు చేసినవాళ్లు అలా కూర్చోవాలి. పెద్దల్లో ఎవరైనా వచ్చి చాప ఎత్తితే క్షమించినట్టు. ఎత్తకపోతే ఊరొదిలి పోవాల్సిందే.

ఎండ మండుతోంది. ఎవరూ కదల్లేదు. చాప కింద నాయనమ్మ దగ్గు వినిపించింది. నేనూ పోయి వాళ్ల వెనక కూర్చున్నాను. నేనూ ఆ ఇంటిమనిషినే కదా.

“తెలిసీ ఎందుకు దాచావయ్యా?” అన్నాడు ఫగలోవా, ఈసారి మెల్లగా.

“నేను బయటపెడితే వాడు దొరికిపోయినవాడు అవుతాడు. ఇలా తనంతట తనే వచ్చి కూర్చున్నవాడు అవుతాడా?” అన్నాడు తాలిమాలో.

ఆయన లేచాడు. మెట్లు దిగి ఎండలోకి వచ్చి, వంగి చాప ఎత్తాడు. మా అన్న ముఖమంతా కన్నీళ్లు.

“రేపు జరిమానాగా పందులు తీసుకురండి. ఎన్నన్నది ఫగలోవా చెప్తాడు, ఆయన దయ చూపించే రకం కాదు,” అన్నాడు. తర్వాత నాయనమ్మకు చెయ్యి అందించాడు. “ముందు నీడకు రా, ముసలమ్మా. నన్ను తిట్టడానికి నువ్వొక్కదానివైనా మిగలాలి.”