మా అత్త చెవి మిషను

పొద్దున దోసెలు పోస్తూ మా అత్తను తిట్టడం నాకు అలవాటు. మనసులో కాదు, నోటితోనే. ఆమె వంటింటి గడప పక్కన పీట మీద కూర్చుని చిన్నుల్లిపాయలు ఒలిచేది. నేను పెనం ముందు నిలబడి, పక్కింటామెతో మాట్లాడినంత తీరుబడిగా, కడుపులో ఉన్నదంతా కక్కేసేదాన్ని. నెల జీతం మొత్తం మా ఆయన చేతిలో పెట్టి, మర్నాడు బస్సు చార్జీకి ఆయన్నే అడుక్కోవలసి వచ్చిన సంగతీ, ఉప్పు ఎక్కువైందని ఆయన కంచం తోసేసిన సంగతీ, అన్నీ ఆమెకే చెప్పేదాన్ని. "నీ కొడుకు" అని మొదలుపెట్టి చివరికి ఆమె మీదికే వచ్చేదాన్ని. "ఎప్పుడు పోతావే ముసిల్దానా, నాకు ఈ ఊడిగం ఎప్పుడు తప్పుతుంది" అని కూడా అన్నాను. ఎదురుగా పిలిస్తే "మీరు", పెనం ముందు "నువ్వు". పదేళ్లుగా ఆమెకు చెవులు వినిపించవు గనక సాగింది. మా అమ్మాయి మదురై హాస్టల్లో ఉంది, మా ఆయన పాండియరాజన్ ఆ వేళకు స్నానాల గదిలో ఉంటాడు. నా మాటలకు సాక్షి లేదనుకున్నాను.

కోవిల్‌పట్టిలో మా వీధంతా తమిళం. తెలుగు మా ఇంటి నాలుగు గోడల మధ్యే. అత్తతో ఏదైనా చెప్పాలంటే అరవాలి, అరిస్తే వీధి వింటుంది. "మన బాసలో అట్ల అరిస్తే పక్కింటోళ్లు ఏమనుకొంటారు? నువ్వు మా అమ్మను తిడతా ఉండావనుకోరా?" అని మా ఆయన కసిరేవాడు. ఆయన మాత్రం అరవడు. అరవవలసినంత అవసరం ఆయనకు ఏనాడూ రాలేదు. తల్లి మందులు, తల్లి స్నానం, తల్లి రేషన్ వేలిముద్ర అన్నీ నావే గదా. అరిచీ అరిచీ నా గొంతు పెద్దదైపోయింది. నేను బిల్లులు రాసే కడలైమిట్టాయి కంపెనీలో, అదే మన పల్లీపట్టీ, ఓనరు కొనేవాళ్ల ముందే "సుధమ్మా, మైకు మింగి వచ్చావా?" అని తమిళంలో నవ్వేవాడు. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. ఆ నవ్విన కోపమంతా మర్నాడు పొద్దున అత్త మీద తీర్చుకునేదాన్ని.

నాతో పనిచేసే జోతి రెండేళ్ల కిందటే చెప్పింది. విరుదునగర్‌లో ఒక ట్రస్టు వాళ్లు మూడు నెలలకొకసారి క్యాంపు పెడతారట, మదురై దుకాణంలో చెప్పే ధరలో పదోవంతుకే చెవి మిషను ఇస్తారట, వాళ్ల నాన్నకు అక్కడే తెచ్చిందట. ఫోన్ నంబరు చీటీ మీద రాసి ఇచ్చింది. నేను ఆ చీటీ అన్నం డబ్బా సంచిలో వారం రోజులు పెట్టుకుని, తర్వాత చింపేశాను. మా ఆయన ఒప్పుకోడని జోతికి చెప్పాను. ఆయన్ను అడగనే లేదు. అడిగితే ఏమనేవాడో నాకు తెలుసు. "మా అమ్మకా? కావల్సిండేది మాత్రం బాగా ఇనపడతాది ఆమెకు. అంతా నాటకం" అనేవాడు. నిజమే, ఒక్కోసారి టక్కున జవాబు చెప్పేది, ఒక్కోసారి నెత్తి మీద అరిచినా పలికేది కాదు. కానీ చీటీ చింపింది అందుకు కాదు. ఆమెకు వినిపిస్తే నేనెక్కడ మాట్లాడాలి? ఆ ఒక్క చోటు కోసం ఒక మనిషిని చెవిటిదానిగా ఉంచేశాను.

పోయిన నెల వీధిలో నీళ్ల లారీ వెనక్కి వస్తూ ఆమెకు తగిలింది. హారన్ వీధంతా విన్నారు, ఆమె తప్ప. పడి మోచెయ్యి చీరుకుపోయింది. "రోడ్డు చూసి నడవక్కర్లేదా?" అన్నాడు మా ఆయన. నేను సిగ్గు చంపుకుని జోతిని మళ్లీ నంబరు అడిగాను. "మిషను వస్తే బ్యాటరీ మార్చేది, తుడిచేది అంతా నీ తలమీదే, నన్ను అడగొద్దు" అని ముందే చెప్పేశాడాయన. జీతం కోత మీద ఒక రోజు సెలవు పెట్టి, అత్తను విరుదునగర్ బస్సెక్కించాను.

క్యాంపులో పరీక్ష చేసే అమ్మాయి పేరు సత్యప్రియ. తమిళంలో ప్రశ్నలు అడిగింది. అత్త నా వైపు చూసింది. చుట్టూ పదిమంది ఉన్నారు, వాళ్ల మధ్య తెలుగులో అరవడానికి నాకు నామోషీ. పెదవి కదిపీ కదపనట్టు, గొంతు పైకి రాకుండా, "ఎన్నేండ్లుగా ఇనపడలేదని అడగతా ఉండారు" అన్నాను. అత్త వెంటనే "పదేండ్లు ఉంటాది" అంది. "తల తిరగతాదా?" "లేదు." సత్యప్రియ రాయడం ఆపి నన్ను చూసింది. అంత మెల్లగా అంటే నాకే వినిపించలేదే, ఆమెకెలా వినిపించింది అంది. చేతిలోని ఫైలు తీసి నా నోటికి అడ్డం పెట్టి, ఇప్పుడు అడగండి అంది. గట్టిగానే అడిగాను. అత్త బొమ్మలా చూస్తూ కూర్చుంది. ఫైలు తీసింది. అదే ప్రశ్న మెల్లగా అడిగాను. జవాబు వచ్చింది.

"ఈమె వినడం లేదమ్మా. మీ పెదాలు చదువుతున్నారు" అంది సత్యప్రియ.

"ఎక్కడ నేర్చుకొంటిరి అత్తా ఇది?" అన్నాను.

"నేర్చుకొనేదేముండాది? అరుప్పుకోట్టైలో పవర్‌లూమ్ షెడ్డులో ముప్పై ఏండ్లు ఉంటిని గదా. ఆ తరి సద్దులో ఎవురి మాట ఎవురికి ఇనపడతాది? ఆడోళ్లమంతా మన బాసోళ్లమే. నోరు చూసే మాట్లాడుకొంటిమి, నవ్వుకొంటిమి. తమిళ నోరు నాకు అంత రాదు. మన నోరు అయితే ఆ గోడ కాడి నుంచి గూడా తెలస్తాది."

తరి అంటే మగ్గం. షెడ్డు కథలు ఆమె చాలాసార్లు చెప్పబోయింది, నేనే ఏనాడూ నిలబడి వినలేదు. తమిళంలో మాట్లాడి ఉన్నా బతికిపోయేదాన్ని. కానీ తిట్లన్నీ ఇంటి భాషలోనే, ఆమె కళ్లెదుటే తిట్టాను. చెవిటిదాని ముందు మొహం తిప్పుకోవాలని ఎవరికి తోస్తుంది? లారీ తగిలిన మర్నాడు ఆమె చేతికి కట్టు కడుతూ, మొహంలో మొహం పెట్టి నేనన్న మాట గుర్తొచ్చింది. ఇంకొంచెం గట్టిగా తగిలి ఉంటే ఇద్దరికీ విడుదల అయిపోయేదన్నాను. ఆ రోజు ఆమె కట్టు వైపు చూస్తోందనుకున్నాను. నా పెదాల వైపే చూసి ఉంటుంది. కుర్చీ కింద ఏదైనా గొయ్యి ఉంటే దూరిపోవాలనిపించింది.

సత్యప్రియ కంప్యూటరు ముందు కూర్చుని ఏవో నొక్కి, చిన్న మిషను ఆమె చెవి వెనక అమర్చింది. "ఇప్పుడు ఆమె వెనక నిలబడి ఏదైనా మాట్లాడండమ్మా. మీ మొహం కనిపించకూడదు" అంది.

వెనక నిలబడ్డాను. అత్త నెరిసిన జుట్టు, మెడ మీద మడతలు, కుట్టు ఊడిన రవిక. ఏ పేరో, ఏ ఊరో చెప్పి ఊరుకోవచ్చు. ఆమెకు తెలియని మాట నా దగ్గర ఒకటే మిగిలింది, ఎప్పుడూ పైకి అనలేదు గనక. మొహం కనిపించదు గనకే అనగలిగాను.

"అత్తా, ఈ క్యాంపు సంగతి నాకు రెండేండ్ల ముందరే తెలుసు. కావాల్నే మిమ్మల్ని పిలుచుకోని రాలేదు."

ఆమె భుజాలు కదిలాయి. చెయ్యి చెవి దాకా వెళ్లి ఆగింది. సత్యప్రియకు తెలుగు రాదు, వినిపించిందన్న సంతోషంతో చప్పట్లు కొట్టింది.

"అరవద్దు. ఇనపడతా ఉండాది" అంది అత్త, తిరగకుండానే.

నాకు ఏడుపు ఆగలేదు. "నేను అనిండేదంతా తెలిసి కూడా ఒక్కనాడన్నా నన్ను అడగలేదే అత్తా, ఎందుకు?"

ఆమె అప్పుడు కుర్చీలో మెల్లగా తిరిగి, మిషను ఉన్నా కూడా, అలవాటుగా నా నోటి వైపే చూసింది.

"అడిగుంటే నువ్వు నిలిపేసుందువు గదా సుదా. వాడు ఫోను చూస్తా మాట్లాడతాడు, వాడి నోరు నాకు కనపడదు. ఆ ఇంట్లో నా మొగం చూసి మాట్లాడేది నువ్వు ఒకదానివే."