శుక్రవారం మెయిన్ ఆపిన తర్వాత

మదనపల్లె టమోటా మండీ సర్వర్‌కు కుప్పం గోదాము నెట్‌వర్క్‌ను కలపడానికి అంబిక వచ్చిన రోజు శుక్రవారం. ఆ మండీకి చెందిన గోదాముల్లో ప్రతి శుక్రవారం మెయిన్ ఆపి, కంప్యూటర్లను తడిగుడ్డతో తుడిచి, బొట్లు పెట్టి, హారతి ఇచ్చాకే మళ్లీ కరెంటు వేస్తారు. కిందటి వారం పుంగనూరు గోదామును కలిపినప్పుడు ఆమె ఈ ఆచారాన్ని తలచుకోలేదు. హారతి తర్వాత ఒక్కసారిగా లేచిన ఎనిమిది మిషన్లనూ మదనపల్లె సర్వర్ కొత్తవిగా భావించి, వాటిలో ఉన్నదంతా తుడిచేసింది.

ఆ కబురే కుప్పం సూపర్‌వైజర్ చంద్రమోహన్‌కు దారి చూపింది. సోమవారం అతడు హమాలీ గంగులయ్య మోకాళ్లు రెండూ ఇనుప రాడ్డుతో విరగ్గొట్టి, లారీ మీద నుంచి పడ్డాడని తోటి హమాలీల చేత చెప్పించాడు. గంగులయ్య ఒక్కడి మాట నిలవదు. ఆ అబద్ధాన్ని కాదనగలిగింది గోదాము కెమెరాల రికార్డరు ఒక్కటే. దాని కోసం ఈ శుక్రవారం సాయంత్రం పోలీసులు వస్తారు. తాను పగలగొడితే నేరం తనది. అదీ ఆ నెట్‌వర్క్‌లోదే కాబట్టి, పుంగనూరులో మాదిరి తుడిచిపెట్టుకుపోతే తప్పు అంబికది.

“ఏం పాపా, పుంగనూరును కడిగినట్ల ఈడా కడిగేయ్. నీకు అలవాటైన పనే కదా,” అన్నాడు.

“పేరు ఎక్కించని మిషన్‌ను సర్వర్ ఇంక ముట్టుకోదు సార్. ఆ రూలు నేనే మార్చినా.”

“మళ్లీ మార్చు.”

“మార్చను.”

అతని చేతిలోని ఇనుప రాడ్డు ఆమె ఎడమ మణికట్టు మీద పడింది. నొప్పి కన్నా ముందు ఎముక చప్పుడు వినిపించింది. అతడు రూలు ముట్టుకోకుండా కుడిచేత్తో లాగౌట్ నొక్కింది. రెండో దెబ్బ చెవి మీద పడగానే ఆమె కుర్చీతో సహా నేలకు ఒరిగింది.

“నాకాడనా నీ అబద్ధాలు,” అంటూ అతడు మెయిన్ ఆపి, మళ్లీ వేశాడు.

మిషన్లు ఒక్కొక్కటే లేచాయి. రికార్డరూ దేన్నీ పోగొట్టుకోకుండా లేచింది. దాని తెర మీద, రాడ్డు పట్టుకుని నిలబడిన తన బొమ్మే అతనికి కనిపించింది. అంతవరకు నడిపిన యుక్తి అక్కడితో తెగింది. రికార్డరు ముక్కలయ్యేదాకా బాదాడు.

ఆ చప్పుడుకు హమాలీలు తలుపు దగ్గర గుమిగూడారు. వాళ్ల ముందు, షెడ్డులో కాయలు ఏరుతుండిన గంగులయ్య భార్య చెంగమ్మ. నేల మీది రక్తాన్ని చూసి హమాలీల వైపు తిరిగింది.

“ఈ పాప గూడా లారీ మీద నుంచే పడిందా అప్పా?”

హమాలీల్లో ఒకడు చంద్రమోహన్ చేతిలోంచి రాడ్డు లాక్కున్నాడు.

అంబిక పాకుతూ వెళ్లి, ముక్కల్లోంచి సొట్టపడిన డిస్కును కుడిచేత్తో ఊడబెరికింది. “బొమ్మలన్నీ దీంట్లోనే ఉండాయమ్మా. పోలీసులకే ఇయ్యి.” చెంగమ్మ దాన్ని కొంగున ముడివేసుకుంది.

వెనక చంద్రమోహన్ మోకాళ్ల మీద దెబ్బలు పడుతున్నాయి. అవి ఏ రికార్డులోకీ ఎక్కలేదు. ఎక్కించవలసిన మిషన్‌ను అతడే పగలగొట్టాడు.