ఒమెనా జట్టు గోల్‌కీపర్

నా భార్య అపియో కట్టిన జట్టును ఫుట్‌బాల్ వీడియో గేమ్ అమ్మే కంపెనీ తుడిచేసింది. ఇందులో వాదనకు చోటు లేదు. కంపెనీ పేరు రాయను. రాస్తే అదీ వాళ్లకు ప్రచారమే.

నాకు యాభై ఏడేళ్లు. ఊరి బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివాను. సరస్సు ఒడ్డున హోమా బేలో పడవల ఇంజన్లు బాగుచేస్తాను. పద్దెనిమిదేళ్లుగా ఒడేరో గేమ్ షాపులో ఆడుతున్నాను. ఆటల గురించి కుర్రకారు మాట్లాడుకునేది వింటూనే ఉంటాను. బొమ్మ ఎంత నిగనిగలాడితే ఆట అంత గొప్పదట. గడ్డిపరక కదులుతుందట, నుదుటి మీద చెమట కనిపిస్తుందట. సరే, అందులో మా సరస్సు ఒడ్డు జట్టు ఏదీ? మా వాళ్లు ఉన్నారు, అందరూ పరాయి దేశాల జట్ల చొక్కాల్లో ఉన్నారు. ఏటా అదే ఆట, అట్ట మీద అంకె మారుతుంది. ఇప్పుడు ఆటగాళ్లను పొట్లాలు కట్టి అమ్ముతున్నారు. లోపల ఎవరున్నారో కొన్నాకే తెలుస్తుంది. సంతలో చేపలు అలా అమ్మితే మా ఆడవాళ్లు బుట్ట తీసుకుని కొడతారు.

మేం ఆడే పాత ఆటలో ఒక మంచి పేజీ ఉంది. ఉన్న జట్టు పేర్లు చెరిపి మన పేర్లు రాసుకోవచ్చు. ఎత్తు, జుట్టు, వేగం, ఏ కాలితో తన్నాలి, అన్నీ మార్చుకోవచ్చు. మా వైపు ప్రతి షాపులోనూ అలా రాసుకున్న జట్లుంటాయి. ఏ చలిదేశంలోదో, ఎవరూ ఎంచుకోని జట్టును చెరిపి మన వాళ్లను పెట్టుకుంటాం. అపియో తనతోపాటు ఒమెనా చేపలు ఎండబెట్టే ఆడవాళ్లను పెట్టింది. ఆదివారాలు వాళ్లు నిజంగానే ఇసుకలో ఆడేవాళ్లు. ఆ ఆటలో ఆడవాళ్లు లేరు. అందుకని మగ ఒళ్లకు ఆడ పేర్లు రాసింది. వాళ్లలో అడోంగోకు గడ్డం ఉండిపోయింది, తీయడం ఎవరికీ చేతకాలేదు. తనను మాత్రం గోల్‌కీపర్‌గా పెట్టుకుని, అన్నింటికీ తొంభై తొమ్మిది వేసుకుంది.

"సిగ్గు లేదా?" అన్నాను.

"రాసేది నేను. నాకు నేనే తక్కువేసుకుంటానా?" అంది.

ఆమె పోయి మూడేళ్లు. ఈ మూడేళ్లూ వారం తప్పకుండా ఆ జట్టుతోనే ఆడాను.

మార్చిలో ఒడేరో షాపుకు ఇంటర్నెట్ పెట్టించాడు. మా షాపుల్లో మ్యాచ్‌కింత అని కట్టి ఆడతాం. వెనక బెంచీ మీద ఐదారుగురు తమ వంతు కోసం కూర్చునుంటారు. అందుకని తెర మీద ఏ రాత వచ్చినా ఎవరూ చదవరు. బటన్ నొక్కి దాటేస్తారు. చదివేవాడు కనబడితే "పరీక్షకొచ్చావా?" అంటారు. ఆ శనివారం ఒక పొడుగు రాత వచ్చింది. నొక్కాను. ఇంకోటి వచ్చింది. నొక్కాను. ఆట తెరుచుకునేసరికి మా జట్టు ఉండాల్సిన చోట మళ్లీ ఆ చలిదేశపు జట్టు నిలబడి ఉంది.

ఒడేరో వచ్చి చూశాడు. "బాబాయ్, పాత జట్లు కొత్త మార్పుకు సరిపోవు, తుడిచెయ్యమంటావా అని అడిగింది. నువ్వు సరే అన్నావు."

"ఎవర్ని అడిగింది?"

"నిన్నే."

"పద్దెనిమిదేళ్లుగా అడ్డమైనవన్నీ అడిగి, నా వేలికి సరే అనడం నేర్పిందెవరు?"

నొక్కింది నా బొటనవేలే. దాచను. దాన్నీ క్షమించలేదు.

రెండు వారాలు ఆ షాపు గడప తొక్కలేదు. ఒడేరోయే నా షెడ్డుకు వచ్చాడు.

"ఇంటర్నెట్ తీగ పీకేశాను బాబాయ్. రాసుకునే పేజీ ఇంకా ఉంది. మళ్లీ రాద్దాం."

"అంకెలు ఎవరికి గుర్తు?"

"అంకెలెందుకు? మనుషులు బతికే ఉన్నారుగా. వాళ్లనే చూసి రాద్దాం."

వాన పడితే చేపలు ఎండవు, ఆడవాళ్లకు పనుండదు. ఆ గురువారం పొద్దుటి నుంచీ వాన. మధ్యాహ్నానికి పదిమంది తడిసిన పైగుడ్డలు దులుపుకుంటూ షాపులోకి వచ్చారు. అడోంగో వస్తూనే నా ఎదుట నిలబడింది.

"నాకు గడ్డమెట్టి ఆడించావంటగా బావా?"

"పెట్టింది నీ నేస్తం. నన్నడక్కు."

"వేగమెంతేస్తున్నావు?"

"అరవై."

"అరవయ్యా! మొన్న చేపల వేట నిషేధమప్పుడు పోలీసు పడవ వస్తే చూళ్లేదా నా పరుగు?"

"డెబ్బై వెయ్యి బాబాయ్, గొడవెందుకు," అన్నాడు ఒడేరో.

"దానికి డెబ్బయ్యైతే నాకు ఎనభై," అంది అకుము. ఆమె సన్నగా, ఎత్తుగా ఉంటుంది. "అది పరిగెడితే రెండూళ్లకు భూకంపం."

ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి రాశాం. రెండు గంటలు పట్టింది. చివరికి ఒడేరో గోల్‌కీపర్ పేజీ తెరిచాడు.

"ఇది అపియో పిన్నిది. అన్నీ తొంభై తొమ్మిదేగా?"

ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అపియో గోల్‌కీపరేంటి?" అంది అకుము. "గోల్ దగ్గర నిలబడేది నేను. అది ఎప్పుడూ ముందే ఆడేది. మేం కొట్టిన గోల్స్‌లో సగం దానివే."

"ఇక్కడ గోల్‌కీపర్‌గానే పెట్టుకుంది," అన్నాను.

"నేనూ అడిగా బావా," అంది అడోంగో. గొంతు తగ్గించింది. "ముందుండేదానివి వెనక్కెందుకు పోయావే అని. 'మా ఆయన ముందుకే ఉరుకుతాడు, వెనక చూసుకోడు. అక్కడ ఎవరో ఒకరు ఉండాలిగా' అంది."

వాళ్లు ఇసుకలో ఆడిన ఆదివారాలన్నీ నేను ఈ బెంచీ మీదే ఉన్నాను. ఒక్కసారీ వెళ్లి చూడలేదు.

నేను కంట్రోలర్ తీసుకుని ముందు వరస పేజీ తెరిచి అపియో పేరు కొట్టాను.

"ఏ కాలు?"

"ఎడమ," అన్నారు నలుగురు ఒకేసారి.

"తలతో కొట్టడం?"

"ముప్పై. జడలు పాడవుతాయని బంతిని తల దగ్గరికి రానిచ్చేది కాదు."

"తోసెయ్యడం?"

"వంద ఉంటే వంద వెయ్యి బావా. నా మోకాలి మీద మచ్చ దానిదే."

ఆట తొంభై తొమ్మిది దాటి వెయ్యనివ్వదు. అదే వేశాను. గోల్ దగ్గర అకుమును పెట్టాం.

"నాకు అన్నీ తొంభై తొమ్మిది వద్దు. అరవై నాలుగు వెయ్యి. ఎవడైనా గోల్ కొడితే నామోషీ ఉండదు," అంది.

ఒడేరో మీద మొదటి మ్యాచ్ ఆడాను. పద్దెనిమిదేళ్లలో మొదటిసారి నలుగురిని వెనకే ఉంచాను. డెబ్బై మూడో నిమిషంలో అపియో ఇద్దరిని తోసుకుంటూ వెళ్లి ఎడమకాలితో కొట్టింది. ఆడవాళ్ల కేకలకు రేకుల మీద వాన వినిపించలేదు. మ్యాచ్ ఒకటి ఒకటి.

ఇప్పుడు వాన పడితే వాళ్లే వచ్చి ఆడుతున్నారు. అడోంగో ఓడిపోయినా కంట్రోలర్ ఇవ్వదు. కెండు బే నుంచి ఒకామె వచ్చి, తమ ఒడ్డు వాళ్లనూ రాసిపెట్టమని ఒడేరోను అడిగింది. కంపెనీ పెట్టలేదని మేం లేకుండా పోం. తెర మీద ఏ రాత వచ్చినా ఇప్పుడు చదువుతాను, బెంచీ ఎంత గోల చేసినా సరే.

ఆదివారాలు ఇసుక దగ్గరికి వెళ్తున్నాను. అంకెలు సరిచూడాలి కదా. ముందు వరసలో కొత్తగా ఒక పిల్ల ఆడుతోంది, వేగం తొంభై దాకా ఉంటుంది. ఆ పిల్లను అపియో పక్కన పెట్టాను.

మొన్న అక్కడే అడోంగో నా పక్కన కూలబడింది. "ఇంత దగ్గర బావా. అది ఉన్నప్పుడు ఒక్క ఆదివారమైనా ఎందుకు రాలేదు?"

"ఆట చూడు," అన్నాను.

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబుంది. ఆమెకు చెప్పలేదు. ఇక్కడ రాయను. ఆ సంగతి నేనిక ఎవరితోనూ మాట్లాడను.